రహీం సాబ్... ఆసియాను గెలిచిన హైదరాబాద్ బడిపంతులు

ఆష్‌బర్న్ (వర్జీనియా)

శనివారం పొద్దున ఆష్‌బర్న్‌లో ఏ పార్కు పక్క నుంచి వెళ్లినా మన పిల్లలే కనిపిస్తారు. మోకాళ్ల దాకా మేజోళ్లు, వీపు మీద నంబరు, గట్టు మీద మడత కుర్చీల్లో అమ్మానాన్నలు. ఇక్కడి వాళ్లు సాకర్ అంటారు, మనం ఫుట్‌బాల్ అంటాం. పేరేదైనా ఆట ఒకటే. పక్కనున్న లీస్‌బర్గ్‌లో సెగ్రా ఫీల్డ్ అనే స్టేడియం ఉంది, 2019లో మొదలైన లౌడన్ యునైటెడ్ జట్టు కోసం కట్టింది. మెస్సీ ఏ కాలితో తంతాడో, ఎంబాపే ఏ క్లబ్బులో ఆడాడో ఈ పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడగండి, తెల్లమొహం వేస్తారు. పిల్లల్ని అనడం దేనికి, వాళ్ల నాన్నలూ అంతే! హైదరాబాద్ ఆటగాళ్లంటే అజహరుద్దీన్, లక్ష్మణ్, గోపీచంద్, సానియా. అక్కడితో సరి.

అదే హైదరాబాద్‌లో ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన చేతి కింద భారత జట్టు రెండుసార్లు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారు పతకం గెలిచింది. ఒకసారి ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆయన పోయిన తర్వాత ఈ రెండింటిలో ఏదీ మనకు మళ్లీ దక్కలేదు.

ఇది రాస్తున్న మేము ఆటల పండితులం కాదు. సివిల్ డిప్లొమాలు చేసి, కొన్నేళ్లు గల్ఫ్ ఎండల్లో మాడి, ఇప్పుడు ఆష్‌బర్న్ డేటా సెంటర్ల సైట్లలో సూపర్‌వైజర్లుగా తేలినవాళ్లం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు మాలో మాకు ఎప్పుడూ ఒకటే వాదన. పని గొప్పతనం చేసేవాడిదా, చేయించేవాడిదా? మా గుంపులో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ప్రతిసారీ ఈ వాదనను రహీం సాబ్ దగ్గరికే తెచ్చి ముగిస్తాడు. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక మిగతావాళ్లకూ ఆ పేరు తెలిసింది. సినిమా సినిమానే, అందులో కల్పన ఉంటుంది. అసలు కథ అంతకన్నా బాగుంటుంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం పాలన రోజులు. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం వైపు ఇంగ్లీషు సైన్యం దండు ఉండేది. మన గడ్డ మీదికి ఫుట్‌బాల్ వచ్చింది ఆ సోల్జర్లతోనే. వాళ్లను చూసి ఊళ్లో కుర్రాళ్లు నేర్చారు. వాళ్లకు బూట్లు, మనవాళ్లకు ఉత్త కాళ్లు. అంతే తేడా.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ చదువుతున్నవాళ్లూ, చదివి వెళ్లినవాళ్లూ కలిసి ఆడే ఎలెవన్ హంటర్స్ జట్టులో ఆడారు. ఆ తర్వాత స్థానిక లీగులో పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. మంచి ఆటగాడే. కానీ ఆటగాడిగా ఆయన కీర్తి కలకత్తా దాకా పోయిందని ఎవరూ చెప్పరు. డిగ్రీ అయ్యాక ఆయన ఎంచుకున్నది పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఇలా ఊళ్లోనే బళ్లు మారుతూ పిల్లలకు పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో ఒక డిప్లొమా చేశారు. ఈ ముక్క చదివినప్పుడు మా డిప్లొమా వాళ్లందరికీ ఛాతీ ఒక అంగుళం పెరిగిందంటే నమ్మండి. ఇంజనీరింగ్ డిగ్రీ వాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ సంగతి కొంచెం గట్టిగానే చెబుతుంటాం!

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత ఆయన చేతికి వచ్చింది. అసలు రహీం సాబ్ అక్కడే మొదలయ్యారు. అప్పటి ఆట ఎలా ఉండేదంటే, బంతి దొరికినవాడు దాన్ని వదిలేవాడు కాదు. ఒకణ్ని తప్పించి, ఇద్దరిని తప్పించి, జనం చప్పట్లు కొడుతుంటే మూడోవాడి దగ్గర పోగొట్టుకునేవాడు. రహీం దీన్ని మార్చాలనుకున్నారు. ఉపన్యాసాలు ఇచ్చి కాదు, పోటీలు పెట్టి. బంతిని కాలి దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయడానికి వీల్లేని పోటీ ఒకటి. వచ్చిన బంతిని ఒక్క తాకుతోనే పక్కవాడికి ఇచ్చేయాల్సిన పోటీ ఇంకొకటి. అన్నిటికన్నా విచిత్రమైంది బలహీన కాలి పోటీ. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో మాత్రమే తన్నాలి.

మాటవరసకు చెప్పడం కాదు, ఒక ఆదివారం మేమే దీన్ని ఇక్కడి పిల్లలతో ఆడించి చూశాం. జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లాడు మొదటి పది నిమిషాలు బంతిని ఎటు తన్నినా గీత బయటికే. ఎప్పుడూ చివర్న ఉండే ఇద్దరు పిల్లలకు ఆ రోజు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఎందుకంటే ఆ ఆటలో అందరూ కొత్తవాళ్లే. పిల్లాడు తల పైకెత్తి పక్కన ఎవరున్నారో చూడక తప్పదు. రహీం ఈ పని చేసింది ఒక ఆదివారం కాదు, ఏళ్ల తరబడి. 1950లు వచ్చేసరికి హైదరాబాద్ నుంచి వచ్చే ఆటగాడంటే రెండు కాళ్లతో ఆడతాడు, బంతిని త్వరగా వదులుతాడు అనే పేరు దేశమంతా పాకింది.

ఆ పేరు తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. కోచ్ రహీం సాబ్. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ పేర్లు చెబితేనే సగం జట్లు ముందే ఓడిపోయేవి. 1950లో మన పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. ఆ రోవర్స్ కప్పును 1951లో, 52లో, 53లో, 54లో... వరసగా అయిదేళ్లు వదల్లేదు. అప్పుడు రాజకీయంగా హైదరాబాద్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, సంస్థానం భారతదేశంలో కలిసిపోవడం, ఇళ్లలో భయాలు, ఊళ్లలో గాయాలు. అలాంటి నగరం నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి కుర్రాళ్లు బయల్దేరి రెండేళ్లకే దేశంలో అత్యుత్తమ జట్టు మేమే అనిపించారు. దీని మీద ఎవరైనా పెద్ద పుస్తకం రాయాలి.

1950లోనే రహీంకు భారత జట్టు అప్పగించారు. అది కూడా ఒక చిత్రమైన ఏడాది. బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్పుకు మనకు చోటు దొరికింది, మనం వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వం అన్నారు కాబట్టే పోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పూర్తి నిజం కాదని చరిత్ర రాసినవాళ్లే తేల్చారు. అప్పటి మన పెద్దలకు ప్రపంచకప్పు కన్నా ఒలింపిక్స్ ముఖ్యం. సముద్రాలు దాటి అంత దూరం వెళ్లడం వాళ్లకు అవసరం అనిపించలేదు. ప్రపంచకప్పు అవకాశం అలా పోయింది. మళ్లీ రాలేదు.

మరుసటి ఏడాది ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. ఇండొనేషియాను 3-0తో, అఫ్గానిస్థాన్‌ను 3-0తో ఓడించి మన జట్టు ఫైనల్‌కు చేరింది. 1951 మార్చి 10న ఇరాన్‌తో ఫైనల్. సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో బంగారం మనదైంది. కెప్టెన్ శైలేన్ మన్నా. నెహ్రూ కూడా మ్యాచ్ చూడటానికి వచ్చారు. రహీం వయసు అప్పటికి 41.

ఉత్త కాళ్ల చలి

తర్వాతి ఏడాదే నేల మీదికి దింపింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్. ఫిన్లాండ్ చలి ఎలా ఉంటుందో మనకు తెలియదు గానీ, వర్జీనియా జనవరిలో పొద్దున ఆరింటికి కాంక్రీటు పోయించినవాళ్లకు కాళ్లు కొయ్యబారడం అంటే ఏమిటో తెలుసు. అది జూలై అయినా, మనవాళ్లకు అది చలిదేశమే. మన జట్టులో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. ఎదురుగా యుగోస్లావియా. స్కోరు 10-1. మన తరఫున ఆ ఒక్క గోలు అహ్మద్ ఖాన్ కొట్టాడు.

బూట్లు వేసుకోకపోవడం అప్పట్లో పేదరికం ఒక్కటే కాదు, అలవాటు కూడా. బంతి కాలికి తగిలితేనే ఆట తెలుస్తుందని నమ్మేవాళ్లు. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో ఇలాగే ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్స్ మీద 2-1తో మాత్రమే ఓడారు కదా, అప్పుడు అందరూ మెచ్చుకున్నారు కదా అనే ధీమా కూడా ఉండేది. సైట్లలో మాకు ఇది రోజూ కనిపించే జబ్బే. ఇరవై ఏళ్లుగా హెల్మెట్ లేకుండా చేశాను, నాకేం కాలేదు అనే మేస్త్రీని ఒప్పించడం కన్నా కొత్తగా వచ్చిన కుర్రాడికి పని నేర్పడం సులువు. హెల్సింకి తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. పది గోలులు పడితే గానీ ఆ నిర్ణయం రాలేదు.

ఇంకో లోపం కూడా అక్కడే బయటపడింది. మన దేశవాళీ పోటీల్లో అప్పట్లో ఆట 70 నిమిషాలు. బయట 90 నిమిషాలు. అంటే చివరి ఇరవై నిమిషాలు మనవాళ్లకు అసలు అలవాటే లేనివి. పది గంటల షిఫ్టుకు అలవాటు పడిన ఒంటికి పన్నెండు గంటల షిఫ్టు ఇస్తే చివరి రెండు గంటల్లోనే ప్రమాదాలు జరుగుతాయి, ఇది అదే లెక్క. అందుకే రహీం శిక్షణలో పరుగు, ఊపిరి, దమ్ము మీద అంత పట్టు ఉండేది.

అంత ఘోరంగా ఓడినా రహీం సాబ్ కుర్చీ కదల్లేదు. ఇది మాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఈ రోజుల్లో పది గోలులు తిన్న కోచ్‌కు తిరుగు టికెట్ కూడా ఇవ్వరేమో. ఆయన మాత్రం తిరిగి వచ్చి మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టారు. బయటి ప్రపంచంలో ఆట మారిపోతోందని చూశారు. హెల్సింకిలో బంగారం గెలిచింది హంగరీ. 1953 నవంబరులో ఆ హంగరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. మధ్యలో ముందుండాల్సిన హిడెగ్‌కుటి వెనక్కి వచ్చి ఆడుతుంటే, అతన్ని ఎవరు కాయాలో ఇంగ్లండ్ డిఫెండర్లకు అర్థం కాలేదు. ఆ పద్ధతిని రహీం మన కుర్రాళ్లకు తగ్గట్టు మలిచారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచాక 4-2-4 అనే వరస లోకమంతా పాకింది కానీ, అలాంటిదే అంతకు ముందే రహీం మన దగ్గర ఆడించారని పాతతరం వాళ్లు గర్వంగా చెబుతారు.

మనుషుల్ని పట్టుకోవడంలోనూ ఆయనది ప్రత్యేకమైన కన్ను. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు ఉండేవాడు. అతని ఆట చూసి రహీం హైదరాబాద్ వచ్చి ఆడమన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు ఏర్పాటు చేశారని చెబుతారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. వెళ్లేనాటికి అతనికి ఇరవై ఏళ్లు!

మెల్‌బోర్న్

1956లో మనతో తొలి మ్యాచ్ ఆడాల్సిన హంగరీ రాలేదు, కాబట్టి మన జట్టు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. అదృష్టం అనుకోండి. కానీ తర్వాత జరిగింది అదృష్టం కాదు. డిసెంబరు 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. నాలుగోది కిట్టు అని పిలిచే కృష్ణస్వామి కొట్టాడు. ఈసారి అందరి కాళ్లకూ బూట్లున్నాయి.

సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. రెండో సగంలో మొదటి గోలు మనదే, నెవిల్ కొట్టాడు. కాసేపు ఒలింపిక్ ఫైనల్ మన కళ్ల ముందుంది. ఆ తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. మనకు నాలుగో స్థానం. నాలుగేళ్ల కింద 10-1, ఇప్పుడు 4-1, అదీ ముందుగా గోలు కొట్టి. ఈ తేడా చూసినవాడికి రహీం ఏం చేశారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... ఇలా హైదరాబాద్, సికింద్రాబాద్ నీళ్లు తాగినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇదే రోజుల్లో ఇలాంటి మనిషి ఇంకొకరు వేల్స్‌లో ఉన్నారు. జిమ్మీ మర్ఫీ. రాండా లోయ బొగ్గుగనుల ఊళ్ల నుంచి వచ్చినవాడు. వేల్స్ తరఫున ఆడాడు, తర్వాత అదే వేల్స్ జట్టుకు మేనేజరయ్యాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లో మ్యాట్ బస్బీకి సహాయకుడి ఉద్యోగం చేసుకుంటూనే దేశం జట్టును కూడా చూసుకునేవాడు. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ ఆటగాళ్లు చనిపోయినప్పుడు, వేల్స్ మ్యాచ్ కోసం ఆగిపోవడం వల్లే అతను ఆ విమానంలో లేడు. ఆ ఏడాదే స్వీడన్ ప్రపంచకప్పులో చిన్న వేల్స్‌ను క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ పదిహేడేళ్ల పెలే ఒక్క గోలు కొట్టి వాళ్లను ఇంటికి పంపాడు. అక్కడ వేల్స్, ఇక్కడ మన దేశం. ఇద్దరికీ ఇంకో ఉద్యోగం ఉంది, ఇద్దరికీ చేతిలో పెద్దగా సరంజామా లేదు. తేడా ఏమిటంటే మర్ఫీ పేరు అక్కడి పిల్లలు ఇప్పటికీ వింటుంటారు.

ఇంటి దగ్గర కూడా రహీం సాబ్ ఊరుకోలేదు. హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగరీ మీద 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది, పెరూ మీద 3-1తో ఓడింది. గ్రూపు దాటలేదు. కానీ హంగరీ మీద గోలు కొట్టింది మన బలరాం, ఫ్రాన్స్ మీద కొట్టింది కెప్టెన్ పి.కె. బెనర్జీ. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఆ తర్వాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు.

లక్ష గొంతుల నడుమ

ఇక జకార్తా. 1962 ఆగస్టు 24న మొదలైన ఆసియా క్రీడలు. ఈ కథలో మేము ఎక్కువసేపు ఆగే చోటు ఇదే.

ఆతిథ్య ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. మన దేశానికి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ దాన్ని తప్పుబట్టారు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటామని ప్రశ్న లేవదీశారు. మాట న్యాయమైందే, కానీ ఆ ఊళ్లో ఉన్న మన ఆటగాళ్ల నెత్తిన పడింది. జనం భారత్ పేరెత్తితేనే మండిపడ్డారు. సెప్టెంబరు 3న మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మరుసటి రోజే ఫుట్‌బాల్ ఫైనల్! పరాయి దేశంలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఎక్కడో పెద్దవాళ్లు ఏదో అంటారు, వీధిలో చూపులు మన మీద పడతాయి. ఆ రోజుల్లో బయటికి వెళ్లేటప్పుడు తల కొంచెం దించుకుని నడవాలనిపిస్తుంది. రహీం కుర్రాళ్లు తల దించుకోలేని చోటికి, లక్ష మంది ముందుకు వెళ్లాల్సి వచ్చింది.

అసలు ఆ పోటీలో మన మొదటి మ్యాచే ఓటమి. దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి నిలబడ్డారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో రక్షణకు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. మామూలుగా అయితే అతని పని అయిపోయినట్టే. రహీం ఏం చేశారంటే, కుట్లున్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. కుర్రతనంలో అతను ఆ స్థానంలో ఆడినవాడే. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద మనం 3-2తో గెలిచాం. రెండు గోలులు కెప్టెన్ చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్‌ది.

దీని మీద మా భోజనాల దగ్గర పెద్ద గొడవే జరిగింది. ఇప్పుడైతే తలకు దెబ్బ తగిలిన మనిషిని సైటు గేటు లోపలికి రానిచ్చే ప్రశ్నే లేదు. డాక్టరు కాగితం లేనిదే సుత్తి కూడా ముట్టనివ్వం. కాబట్టి రహీం చేసింది సరైందని మేము అనలేం. అప్పటి లోకం వేరు, ఆటగాళ్ల మనసులూ వేరు. కానీ దెబ్బ తిన్న మనిషిని పక్కన పారేయకుండా, అతనిలో ఇంకా ఏముందో వెతికిన ఆ చూపు మాత్రం గొప్పది. రెండూ నిజమే, ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచక్కర్లేదు.

గోల్ దగ్గర కూడా మార్పు చేశారు. సెమీఫైనల్ ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కనపెట్టి, జ్వరం నుంచి అప్పుడే తేరుకుంటున్న పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు దింపారు. కొరియా వాళ్లు గాలిలో బంతులు ఎక్కువ వేస్తారు, తంగరాజ్ ఆజానుబాహుడు. ఫైనల్ ముందు రాత్రి కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని తనకు ఒక కానుక కావాలని, అది రేపటి బంగారమేనని అడిగారని ఆటగాళ్లు తర్వాత గుర్తు చేసుకున్నారు. అలా ఎందుకు అడిగారో అప్పుడు వాళ్లకు తెలియదు.

సెప్టెంబరు 4, సెనయాన్ స్టేడియం. మన జట్టు బంతిని ముట్టుకుంటే చాలు, లక్ష గొంతులు అరుపులు. ఎదురుగా అదే దక్షిణ కొరియా. స్టాండ్స్‌లో మన వైపు అరిచిన కొద్దిమందిలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లున్నారని చెబుతారు. పరాయి దేశంలో మనకు అన్నం పెట్టిన పాకిస్థాన్ అన్నలు, గదిలో పక్క పంచుకున్న బంగ్లాదేశ్ తమ్ముళ్లు గల్ఫ్‌కు వెళ్లిన ప్రతివాడికీ ఉంటారు కాబట్టి ఈ సంగతి మాకు వింతగా లేదు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. మూడు నిమిషాలు తిరక్కుండానే జర్నైల్ సింగ్, అదే కుట్లున్న తలతో, రెండోది. ఆ తర్వాత గంటకు పైగా కాపాడుకోవాలి. ఆఖర్లో కొరియా ఒకటి కొట్టింది. ఇంకోటి కొట్టనివ్వలేదు. 2-1. ఆ అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన స్టేడియంలో మన జాతీయగీతం వినిపించింది.

రహీంకు అప్పటికే క్యాన్సర్ ఉంది, ఊపిరితిత్తులకు. సిగరెట్లు బాగా తాగేవారని చెబుతారు. ఆ రోగం ఒంట్లో ఉండగానే జకార్తాలో ఎండలో నిలబడి సాధన చేయించారు, కుర్రాళ్లతో తన బాధ పంచుకోలేదు. ఈ ముక్క దగ్గర మాలో కొందరు చాలాసేపు మాట్లాడలేదు. నడుం నొప్పిని, ఛాతీలో మంటను, షుగరును దాచుకుని షిఫ్టుకు వచ్చేవాళ్లు మన మధ్య ఎంతమంది! సెలవు పెడితే జీతం పోతుందని, చెబితే వెనక్కి పంపుతారని, ఇంట్లోవాళ్లకు ఫోనులో అంతా బాగుందనే చెబుతారు. రహీం సాబ్ ఎందుకు దాచారో ఆయనకే తెలియాలి. సిగరెట్టు పెట్టె జేబులో ఉన్నవాళ్లు మాత్రం ఈ పేరా ఇంకోసారి చదవండి.

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు. 54 ఏళ్లు కూడా నిండలేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డును 1985లో పెట్టారు, అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు.

ఆయన వేసిన పునాది కొన్నాళ్లు నిలిచింది. 1964లో ఇజ్రాయెల్‌లో ఆసియా కప్పు జరిగితే మనం రెండో స్థానంలో నిలిచాం. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది, కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. తర్వాత ఆయన కూడా భారత జట్టు కోచ్ అయ్యారు, 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. మహమ్మద్ హబీబ్ కూడా ఇక్కడి నుంచే కలకత్తా వెళ్లి, 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున ఆడాడు. ఆ తర్వాత ధార సన్నబడింది. బడి మైదానాల్లో గదులు లేచాయి, పిల్లల చేతికి క్రికెట్ బ్యాట్ వచ్చింది, పోలీసు జట్టు పేరు పాత పేపర్లలో మిగిలింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త జట్టు పుట్టింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

2022 ప్రపంచకప్పుకు ముందు ఖతార్‌లో పనులు సాగుతున్న రోజుల్లో అక్కడ కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది చెమటోడ్చారో ఈ పేజీ చదివేవాళ్లకు మేము చెప్పాలా? 2026 ప్రపంచకప్పును అమెరికా, కెనడా, మెక్సికోలకు ఇచ్చారు. మా వాషింగ్టన్ వైపు మ్యాచ్‌లు దక్కలేదు, దగ్గరిది ఫిలడెల్ఫియా. ఆ లెక్కలు వేసుకుంటున్నప్పుడే మా పాతబస్తీ పెద్దాయన జకార్తా జట్టు పేర్లు వరసగా చెప్పాడు, చూసి చదవకుండా.

ఆ పేర్లలో చాలామంది ఇప్పుడు లేరు. జర్నైల్ సింగ్ 2000లో, తంగరాజ్ 2008లో పోయారు. పి.కె. బెనర్జీ 2020 మార్చిలో, చునీ గోస్వామి అదే ఏడాది ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. రహీం సాబ్ కొడుకు హకీం వైమానిక దళంలో పనిచేశారు, అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021 ఆగస్టులో కన్నుమూశారు. అమ్ముగూడ బలరాం కలకత్తా దగ్గర ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయారు.